ఊరు చూసిండ్రు, పోయిండ్రు

మా పెద్దమ్మ పోయిందన్న వార్త నాకు ఎర్రగడ్డ రైతుబజారులో బీరకాయలు ఏరుతుండగా ఫోన్‌లో వచ్చింది. "అత్తమ్మ పొద్దున పోయింది అక్కా" అని ఆమె కోడలు మెసేజ్ పెట్టింది. చదవగానే నాకు ఏడుపు రాలేదు. ముందు వచ్చిన ఆలోచన ఏంటంటే, ఇక ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద నేను తప్ప ఎవరూ లేరు అని. గుండెల మీంచి ఏదో దిగినట్టు హాయిగా అనిపించింది. ఆ హాయి తెలిసిన మరుక్షణం బీరకాయలవాడికి మొహం చూపించలేకపోయాను. అన్నేళ్ళు నన్ను కడుపులో దాచుకున్న మనిషి పోతే నేను చేసుకున్న సంతాపం అది. అందుకే ఇది రాస్తున్నాను.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క కాదు. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు తిరిగే ఒక సందులో మేము అద్దెకున్న ఇంటి ఓనరమ్మ. మేము తెనాలి నుంచి నాన్న ఉద్యోగం వెంట వచ్చాం. సామాన్లు దించిన రోజు మా అమ్మ మర్యాదగా "ఓనరుగారూ, నీళ్ళు ఎప్పుడొస్తాయండీ?" అని అడిగితే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఓనర్ ఏంది, గవర్నర్ లెక్క! వదినా అను. బిడ్డా, నువ్వు పెద్దమ్మ అను" అంది. ఆ రోజుతో ఆ ఇంట్లో వరస ఖాయమైపోయింది. ఆ చుట్టుపక్కల ఒకప్పుడు వాళ్ళ జొన్నచేలు ఉండేవట. నేను పనిచేసే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌ను చూపించి, "గీడనే మా బర్రె ఈనింది" అని ఎవరొచ్చినా చెప్పేది. మా సారు వింటాడేమోనని నేను చచ్చేదాన్ని.

అప్పట్లో అమీర్‌పేట గోడలకు సున్నం కనబడేది కాదు, అన్నీ కోర్సుల పోస్టర్లే. హాస్టళ్ళు, జెరాక్సులు, మిర్చిబజ్జీల బండ్లు, సంచీ భుజాన వేసుకుని పరుగెత్తే పిల్లలు. నేను ఆ పిల్లలకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పేదాన్ని. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు మాదాపూర్ వెళ్ళి మెడలో కార్డు వేసుకునేవారు. నాకు మాత్రం సంబంధాలు కుదిరేవి కావు. వచ్చినవాళ్ళకు సాఫ్ట్‌వేర్ చేసే పిల్ల కావాలి, నేర్పే పిల్ల కాదు. ఒకరు నేరుగానే అన్నారు, "ఇంత తెలిసినదానివి నువ్వే వెళ్ళి ఉద్యోగం చెయ్యొచ్చుగా అమ్మా" అని. సమాధానం చెప్పే అవకాశం పెళ్ళిచూపుల్లో ఆడపిల్లకు ఉండదు కాబట్టి స్వీటు ప్లేటు జరిపాను.

ఆ ఇంట్లో గోడలు పలచన. అంతకన్నా పలచన మా వంటింటి కిటికీ. అమ్మ కేసరిలోకి జీడిపప్పు వేయించగానే ఆ వాసన మూడో అంతస్తుదాకా పోయేది, ఇవాళ వీళ్ళింట్లో చూపులని అందరికీ తెలిసిపోయేది. రెండు రోజుల తర్వాత నేను మెట్లు దిగుతుంటే ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఆ అడగకపోవడం ఉందే, అది మెడ మీద చెయ్యి వేసి వంచినట్టుండేది.

ఒకసారి అలాగే ఫోను రాలేదు. అమ్మ కళ్ళు తుడుచుకుంటుంటే పెద్దమ్మ లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది.

"వదినా, ఇంట్ల ఎందుకు సూపిస్తవ్ పిల్లను? దుకాణంల చీర లెక్క కూసోబెడితే బేరమాడరా మరి?"

"ఇంకెక్కడ చూపిస్తామండీ?"

"బయట. ఊరు సూడనీకి రమ్మను. నేను తోల్కపోత అందర్ని. చార్మినార్ సూస్తరు, మ్యూజియం సూస్తరు. పిల్ల సుత ఉంటది, మన ఎంబడే. నచ్చితే ఫోన్ జేస్తరు. నచ్చకపోతే పిల్లను వద్దన్నరని ఎవలంటరు? ఊరు సూసిండ్రు, పోయిండ్రు!"

మా అమ్మకు ఇది పిచ్చిగా తోచింది. నాన్నకు మాత్రం నచ్చింది. ఆయనకు వచ్చినవాళ్ళతో మాట్లాడటం రాదు, చార్మినార్ మాట్లాడుతుందంటే ఎందుకు వద్దంటాడు?

అలా మొదలైంది. ఆదివారం పొద్దున్నే పెద్దమ్మ నీలం రంగు నేత చీర కట్టుకుని, చేతిలో సర్వపిండి డబ్బా పట్టుకుని కింద నిలబడేది. నాకు ఆమె పెట్టిన నియమాలు ఉండేవి. పట్టుచీర కట్టకూడదు, ఊరు చూడ్డానికి ఎవరూ పట్టుచీరలో రారు కాబట్టి. డబ్బా నేను మోయకూడదు, పనిమంతురాలినని చూపించుకున్నట్టు ఉంటుంది కాబట్టి. అన్నిటికన్నా ముఖ్యమైనది, నేను నిజంగా చూడాలి. "వాళ్ళు నిన్ను సూస్తున్నరని మర్షిపో. నువ్వు గోపురం సూడు, గడియారం సూడు. పనిల ఉన్న మనిషి మంచిగ కనవడ్తది" అనేది.

సిటీ బస్సు నయాపూల్ ఎక్కేముందు ఆమె ఒక పని చేసేది. వంతెన కింద మూసీ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కృష్ణ ఒడ్డు నుంచీ గోదావరి ఒడ్డు నుంచీ వచ్చినవాళ్ళు దాన్ని చూసి ముక్కు మూసుకుని, "ఇది నదేనాండీ?" అనేవారు. పెద్దమ్మ పుట్టిల్లు ఆ ఒడ్డునే. అందుకని వంతెన రాగానే లేచి నిలబడి, "అందరు పైకి సూడుర్రి, పైకి! గా గుమ్మటాలు సూడుర్రి, ఎంత ఎత్తున్నయో!" అని కేకలు పెట్టేది. బస్సులో సంబంధం లేనివాళ్ళు కూడా తలలు పైకెత్తేవారు. వంతెన దాటాక కూర్చుని నుదురు తుడుచుకునేది. ఒకసారి నాతో మెల్లగా, "చిన్నప్పుడు అండ్లనే తానం జేసేటోళ్ళం బిడ్డా. ఇప్పుడు సూపియ్యాలంటె సిగ్గయితది" అంది.

ఇక ఆమె చెప్పే చరిత్ర సంగతి. అందులో ఒక్క ముక్క నిజం ఉంటే ఒట్టు. గుంటూరువాళ్ళు వస్తే నవాబుకు గుంటూరు మిరపకాయంటే పానమని చెప్పేది. భీమవరంవాళ్ళు వస్తే అదే నవాబు చేపలకోసం ఏనుగును పంపేవాడు. అబ్బాయి ఇంజనీరైతే చార్మినార్ కట్టిన మేస్త్రీ కూడా ఇంజనీరే, తల్లి చెప్పిన పిల్లనే చేసుకున్నాడు. నేను పళ్ళబిగువున నవ్వు ఆపుకునేదాన్ని. ఆ ఆపుకోవడంలో ఎవరు ఎటు చూస్తున్నారో నిజంగానే మరిచిపోయేదాన్ని.

మ్యూజియంలో ఆ పాత గడియారం ముందు జనం గుమిగూడతారు, గంట కొట్టడానికి బొమ్మ బయటికి వస్తుందని. అందరూ అటు చూస్తుంటే నావైపు చూసేవాళ్ళు ఒకరో ఇద్దరో. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని అరడజను జతల కళ్ళు భరించినదానికి అది ఎంత తేలికో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఫోన్లు అప్పుడూ రాలేదు, నిజమే. కానీ జీడిపప్పు వాసన లేదు, మెట్ల మీద ఆ మౌనం లేదు. "మొన్న ఎటెళ్ళారు?" అని పైవాళ్ళు అడిగితే "చార్మినార్ చూశాం" అని తల ఎత్తి చెప్పేదాన్ని. ఆ తల ఎత్తడం పెద్దమ్మ నాకిచ్చింది. ఈ ముక్క ఆమె ఉండగా ఆమెతో అనలేదు, అనాలని తోచనూ లేదు.

గోల్కొండ సంగతి ఇప్పుడు చెప్పాలి.

ఆసారి వచ్చినవాళ్ళు కాకినాడవాళ్ళు. అబ్బాయి మాదాపూర్‌లో ఉద్యోగం. అబ్బాయీ, తల్లీ వచ్చారు. ఆవిడ మెత్తగా మాట్లాడే మనిషి, నన్ను "ఏమ్మా, ఎండగా ఉందా?" అని అడిగింది. అబ్బాయి నా ఉద్యోగం గురించి నాలుగు తెలివైన ప్రశ్నలు వేశాడు. నాకు నచ్చాడు. దాచడం ఎందుకు, బాగా నచ్చాడు. మా అమ్మ కూడా ఆ రోజు మొదటిసారి నవ్వుతూ నడిచింది.

నచ్చినందువల్లే ఒళ్ళు మరిచాను. ఆవిడకు మోకాళ్ళ నొప్పులని తెలిసి, "ఇటు మెట్లు ఎత్తుగా ఉంటాయండీ, అటు నుంచి వెళ్తే తేలిక" అన్నాను. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో చెప్పాను. ఏ కమాను కింద గాలి బాగా వస్తుందో అక్కడ కూర్చోబెట్టాను. గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద ఎక్కడ నిలబడినవాళ్ళకు వినబడుతుందో గైడు చెప్పేలోగా నేనే చెప్పాను. పెద్దమ్మ నావైపు చూసి గర్వంగా తల ఊపింది. ఇద్దరికీ బుద్ధి లేదు.

కోటలో ఒక హాలు ఉంది. ఒక మూల గోడకు మొహం పెట్టి గుసగుసలాడితే, ఎదురు మూలలో గోడకు చెవి ఆనించినవాళ్ళకు పక్కన నిలబడి చెప్పినట్టు వినిపిస్తుంది. మధ్యలో ఉన్నవాళ్ళకు ఏమీ వినబడదు. పెద్దమ్మకు ఆ ఆట అంటే ప్రాణం. ఆవిడనూ అబ్బాయినీ ఆ మూలకు పంపి, నన్ను ఈ మూలలో నిలబెట్టింది. "వినబడుతోందా అమ్మా?" అని గోడలోంచి ఆవిడ గొంతు వచ్చింది. వినబడిందని చెయ్యి ఊపాను. అబ్బాయి "హలో, టెస్టింగ్" అన్నాడు. నా ఉద్యోగం మీద చిన్న హాస్యం. నవ్వాను. అమ్మ హాలు మధ్యలో నిలబడి, అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వింది.

ఆట అయిపోయిందని వాళ్ళు అనుకున్నారు. నాకు ఆ రాయి చల్లగా ఉండి తల అలాగే ఆనించి ఉంచాను. "నేను సుత వింట జరుగు" అని పెద్దమ్మ నా పక్కన వంగి చెవి పెట్టింది. ఆ మూలలో ఆవిడ గోడవైపే నిలబడి కొడుకుతో మెల్లగా అంటోంది.

"పిల్ల బాగానే ఉందిరా. కానీ చూశావా, గైడుకన్నా ఎక్కువ తెలుసు దానికి. మెట్లన్నీ లెక్కే, నీళ్ళెక్కడో లెక్కే. ఎంతమందికి తిప్పి చూపించారో ఏంటో. మనం ఎన్నోవాళ్ళమో!"

అబ్బాయి ఏదో అన్నాడు. అది నాకు వినబడలేదు, ఎందుకంటే పెద్దమ్మ నా తలను గోడమీంచి లాగి, మాట వచ్చిన చోట రాయి మీద అరచెయ్యి అదిమిపెట్టింది. నల్లా కట్టేసినట్టు. అప్పటికే వచ్చిందంతా వచ్చేసింది. మేమిద్దరం ఒకరి మొహాలు ఒకరం చూసుకోలేదు.

తర్వాత ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. అందరం కలిసి పైకి ఎక్కాం, కలిసి దిగాం, ఒకే సుమోలో ఇంటికొచ్చాం. నాకు ఒళ్ళంతా బట్టలు సరిగా లేనట్టు అనిపించింది. ఎటు నడవాలో తెలిసిన నా కాళ్ళంటేనే అసహ్యం వేసింది. దారంతా కథలు చెప్పే పెద్దమ్మ నవాబును కొండ మీదే వదిలేసి, ఒడిలో డబ్బా పెట్టుకుని కూర్చుంది. డబ్బా మూత తియ్యలేదు. దిగేటప్పుడు ఆవిడ, "ఊరు చాలా బాగా చూపించారండీ" అంది. పెద్దమ్మ డబ్బా పట్టుకుని గేటు తియ్యడానికి పోయింది.

అమ్మ వారం రోజులు ఫోను పక్కనే కూర్చుంది. తను ఆవిడకు బొట్టు పెట్టి పంపడం మరిచిపోయాననీ, అందుకే ఆవిడ మనసు నొచ్చుకుందనీ తేల్చుకుంది. ఇప్పటికీ ఆ మాట అంటుంది. నేను అసలు సంగతి చెప్పలేదు. చెప్పాలంటే ఆ వాక్యం నా నోటితో అనాలి కదా.

కొన్నాళ్ళు పెద్దమ్మ నేను మెట్లు దిగే చప్పుడు వింటే లోపలికి వెళ్ళిపోయేది. ఒక సాయంత్రం తనే పైకి వచ్చింది. అమ్మ గుడికి వెళ్ళింది. గుమ్మంలోనే కింద కూర్చుని చెప్పింది. ఆమెను మొదటిసారి చూడ్డానికొచ్చినవాళ్ళు జడ విప్పమన్నారట, నడవమన్నారట, ఇంటెడు చుట్టాల ముందు "పిల్ల మాకొద్దు" అని లేచి వెళ్ళిపోయారట.

"గప్పుడు నాకంటె మా బాపు తల ఎక్కువ వంగింది బిడ్డా. ఏ ఆడివిల్లకు గట్ల గావొద్దని ఊరు దిప్పిన. తిప్పి తిప్పి నేనే నీ చెవు గోడకు పెట్టిన. నీకు ఊరు సూపిచ్చిన అనుకున్న. ఊరందరికి నిన్ను సూపిచ్చిన."

నేను "అదేం లేదు పెద్దమ్మా" అన్నాను. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. ఆ సిగ్గు నాది. అది తీసుకెళ్ళి తన మీద వేసుకుంది, నేను వేసుకోనిచ్చాను.

నా పెళ్ళి ఆ తర్వాత రెండేళ్ళకు అయింది, పక్క క్లాసులో పాఠాలు చెప్పే మనిషితో, ఎవరూ ఎవరినీ ఎక్కడికీ తీసుకెళ్ళకుండానే. మా అత్తగారివాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడు, "పిల్లకు సిటీ అంతా తెలుసా?" అని మాటవరసకు అడిగారు. నేను మళ్ళీ స్వీటు ప్లేటు జరిపాను. పెద్దమ్మ కాఫీలు అందిస్తూ, "అయ్యో, దానికేం తెలుసమ్మా! ఇల్లు, ఇన్‌స్టిట్యూట్, గంతే. చార్మినార్ ఎటుదిక్కుంటదో దెల్వది పాపం" అంది. రెప్ప ఆర్పలేదు. నావైపు చూడలేదు. నేను అప్పటినుంచీ ఆ అబద్ధంలోనే కాపురం చేస్తున్నాను. ఇప్పుడు మేముండే శ్రీనగర్ కాలనీ ఇంటికి చుట్టాలొచ్చి గోల్కొండ అంటే నాకు తలనొప్పి వస్తుంది. ఆటోవాడు దారి తప్పితే, తెలిసి కూడా, ఊరుకుంటాను.

పదకొండో రోజుకు అమ్మను తీసుకుని వెళ్ళాను. ఆ ఇంటి కింద ఇప్పుడు మొబైల్ షాపు ఉంది. హాల్లో దండ వేసిన ఫోటో, చాపల మీద ఆడవాళ్ళు. నా వయసువాళ్ళు, నాకన్నా చిన్నవాళ్ళు, అందరూ ఒకప్పుడు ఆ ఇంట్లోనో ఆ సందులోనో అద్దెకున్నవాళ్ళే. కోడలు టీ ఇస్తూ, తనకు తెలియనివాళ్ళను పలకరిస్తోంది. "మీరు అత్తమ్మకు ఎట్ల తెలుసు?" "పైన ఉండేవాళ్ళం." "మీరు?" "ఎదురింట్లో." అని తలలు దించి టీ తాగుతున్నారు. ఆ దించడం నాకు బాగా తెలుసు. నేను కొన్నేళ్ళుగా అద్దంలో చూస్తున్నదే. గ్లాసు పక్కన పెట్టి ఒక్కొక్కరినీ చూశాను. ఇందరినా ఊరు తిప్పింది?

"మీరు తెలిసినోళ్ళే కదక్కా, మొదటి అంతస్తుల ఉండేటోళ్ళు" అంది కోడలు నా దగ్గరికొచ్చి.

"అద్దెకుండటమే కాదు" అన్నాను. "నాకు సంబంధాలు చూసేటప్పుడు మీ అత్తమ్మ నన్ను ఊరంతా తిప్పి చూపించింది. చార్మినార్ దగ్గర, మ్యూజియంలో. చాలామంది చూశారు. ఎవరికీ నచ్చలేదు."

కిటికీ దగ్గర కూర్చున్న ఒకామె, నాకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నది, మెల్లగా తల ఎత్తింది.

"నన్నూ చూపించారు. జూ పార్కులో, బిర్లా మందిరంలో" అంది. "గోల్కొండకు మాత్రం రానిచ్చేవారు కాదు. వాళ్ళు ఎంత అడిగినా, ఆడ గోడలు మంచియి కావు అనేవారు. ఎందుకో మాకు తెలియదు. దారి తెలిసినా చెప్పకు బిడ్డా అని కూడా అనేవారు."

నాకు అప్పుడు ఏడుపు వచ్చింది, అన్ని రోజుల తర్వాత. మరో ఇద్దరు తలలెత్తారు. ఒకామె "మాది ట్యాంక్‌బండ్" అంది, ఏదో ఊరిపేరు చెప్పినట్టు.

అమ్మ నా మోచెయ్యి లాగింది. "గోడలేంటే? ఏ గోడలు? గోల్కొండలో ఏమైంది?"

అమ్మకు ఈమధ్య చెవులు బాగా మందగించాయి. దగ్గరగా వంగి చెప్పినా అందదు, నలుగురికీ వినబడేంత గట్టిగా చెప్పాలి. అందరూ టీ గ్లాసులు పట్టుకుని నావైపే చూస్తున్నారు.

ఆ కాకినాడ ఆవిడ అన్న మాటలు మొదటినుంచి చివరిదాకా గట్టిగానే చెప్పాను.